చర్మం చెప్పే ‘పోయెమ్స్’

పొడి అక్షరాలతో కాపురం చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఈసారి వైద్యుల పొడి అక్షరాలు చూద్దాం. ‘పోయెమ్స్’ అంటే ఇక్కడ కవితలు కాదు, ఒక అరుదైన జబ్బు. నరాల దెబ్బ, అవయవాల వాపు, హార్మోన్ల తేడా, రక్తంలో ఎం ప్రోటీన్, చర్మంలో మార్పులు: ఈ ఐదింటి ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపి 1980లో పెట్టిన పేరిది.

మూలం ప్లాస్మా కణాల కంతి. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కూడా రక్తంలో బాగా పెరుగుతుంది. చర్మం నల్లబడచ్చు, వెంట్రుకలు ఒత్తుగా రావచ్చు, గోళ్ళు తెల్లబడచ్చు, చిన్న ఎర్ర బొడిపెలు లేవచ్చు. అందరిలో అన్నీ ఉండవు.

కాళ్ళ తిమ్మిరిని మనవాళ్ళు షుగర్ ఖాతాలో వేసేస్తారు. తిమ్మిరి, నీరసంతో పాటు ఈ గుర్తులూ ఉంటే న్యూరాలజిస్టుకి చెప్పమనే నా మనవి. కంతి ఒకటి రెండు ఎముకలకే పరిమితమైతే రేడియేషన్‌తోనే చాలామంది కోలుకుంటారు.