రొయ్యల చెరువుల నీటి పరీక్షా కిట్లు: అంకెల విశ్వసనీయత

1. ఉపోద్ఘాతం:
కృష్ణా డెల్టాలో కైకలూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక ప్రాంతాల్లో చేపల, రొయ్యల సాగు విస్తరించింది. దేశంలో వనామి రొయ్యల సాగుకు 2009లో అనుమతి లభించిన తరువాత చెరువు గట్టున నీటి పరీక్ష నిత్యకృత్యమైంది. మేత తగ్గించాలా, నీరు మార్చాలా అనే నిర్ణయాలు కిట్టు చూపే అంకెపైనే ఆధారపడుతున్నాయి. ఆ అంకె ఎంతవరకు నమ్మదగినదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. యథార్థత, నిలకడ:
వాడుకలో ‘ఖచ్చితత్వం’ అనే ఒకే మాట రెండు వేర్వేరు గుణాలను సూచిస్తోంది. కొలత అసలు విలువకు దగ్గరగా ఉండటం యథార్థత. ఎన్నిసార్లు కొలిచినా ఒకే విలువ రావడం నిలకడ. కాలం చెల్లిన రసాయనంతో మూడుసార్లు పరీక్షిస్తే మూడుసార్లూ ఒకే తప్పు అంకె రావచ్చు. కాబట్టి పునఃపరీక్ష నిలకడను మాత్రమే తెలుపుతుంది. యథార్థత తేలాలంటే విలువ ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాన్ని అదే కిట్టుతో పరీక్షించి చూడాలి.

3. నీటి స్వభావం:
విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లో పారే నీరు మంచినీరు. తీరాన్ని సమీపించేకొద్దీ చెరువుల్లో లవణీయత పెరుగుతుంది. అమ్మోనియా పరీక్షలో వాడే నెస్లర్ కారకం ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియంల వల్ల మడ్డిగా మారి రంగును మరుగుపరచవచ్చు. మంచినీటికి ఉద్దేశించిన కిట్టు ఉప్పునీటికి అలాగే పనికిరాదు.

4. అమ్మోనియా, పి.హెచ్.:
సాధారణంగా కిట్టు చూపేది మొత్తం అమ్మోనియాను. రొయ్యకు ఎక్కువ హాని చేసేది అందులో అయనీకరణం చెందని భాగం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో పి.హెచ్. 8 ఉంటే ఆ భాగం సుమారు 7.5 శాతం, 8.5 ఉంటే సుమారు 20 శాతం. 9 ఉంటే సుమారు 45 శాతం. ఉప్పునీటిలో ఈ శాతాలు కొంత తగ్గినా పెరుగుదల తీరు అదే. లీటరుకు 1 మిల్లీగ్రాము మొత్తం అమ్మోనియా ఉన్నప్పుడు, అర పాయింటు మెట్లతో ఉన్న రంగుల పట్టీలో 8.5ను 8గా చదివితే 0.2 మిల్లీగ్రాముల విషభాగం 0.075గా లెక్కకు వస్తుంది. అమ్మోనియా అంకెలో 20 శాతం పొరపాటు కన్నా ఇది ఎంతో పెద్దది. పైగా కిరణజన్య సంయోగక్రియ వల్ల పి.హెచ్. తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం తరువాత ఎక్కువగా ఉంటుంది. కనుక పరీక్షించిన వేళను నమోదు చేయని అంకెకు అర్థం సగమే.

5. తీసివేతలో పెరిగే దోషం:
తక్కువ లవణీయత గల బోరునీటి చెరువుల్లో ఖనిజాల సమతుల్యత ముఖ్యం. మొత్తం కఠినత్వం నుంచి కాల్షియం కఠినత్వాన్ని తీసివేసి మెగ్నీషియం భాగాన్ని లెక్కిస్తారు. ఒక్కో చుక్క లీటరుకు 20 మిల్లీగ్రాములకు సమానమైన కిట్టులో రెండు పరీక్షల్లోనూ చెరొక చుక్క తేడా పడితే, ఫలితంలో 40 మిల్లీగ్రాముల వరకు తేడా రావచ్చు. ఖనిజ లవణాల కొనుగోలు ఈ తీసివేత మీదే నిలబడినప్పుడు, చుక్కలను లెక్కించడం కూడా ఖర్చుకు సంబంధించిన విషయమే.

6. ముగింపు:
ఒకే వేళలో, ఒకే వ్యక్తి, ఒకే కిట్టుతో చేసిన పరీక్షలు నీటిలో వచ్చే మార్పును బాగా పట్టిస్తాయి. హద్దు దాటిందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఆ కిట్టు ఒక్కటే చాలదు. రసాయనాలను ఎండకు, వేడికి దూరంగా ఉంచడం, గడువు తేదీ చూడటం, పి.హెచ్.కు క్రమాంకనం చేసిన మీటరు వాడటం, హద్దుకు దగ్గరగా వచ్చిన ఫలితాన్ని ప్రయోగశాలలో సరిచూసుకోవడం అవసరం. కిట్టు ఇచ్చే అంకెను ఒక బిందువుగా కాక, కొంత హెచ్చుతగ్గులున్న పరిధిగా చదివినప్పుడే అది రైతు నిర్ణయానికి ఆధారమవుతుంది.