ఉప్పుగాలికి నిలిచే ప్లగ్గు

మచిలీపట్నం నుంచి నాగాయలంక, కోడూరు దాకా తీరగ్రామాల్లో ప్లగ్గులను త్వరగా పాడుచేసేది గాలిలోని ఉప్పు. తేమను పీల్చుకునే ఆ ఉప్పు ఇత్తడి పిన్నులకు చిలుము పట్టించగా, అక్కడ నిరోధం, అంటే కరెంటు ప్రవాహానికి అడ్డు, పెరిగి పిన్ను వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది కనుక, ఫ్యాను ప్లగ్గు ఏళ్ల తరబడి నెట్టుకొచ్చినా గీజరు ప్లగ్గు త్వరగా నల్లబడుతుంది.

ఇళ్లలో వాడే 6, 16 ఆంపియర్ల గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గులకు మూలం 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం. బ్రిటన్ 1947లో చదరపు పిన్నుల వైపు మళ్లినా భారతదేశం పాతదాన్నే నిలుపుకుంది. మూడింటిలో లావుగా, పొడవుగా ఉండే పై పిన్ను ఎర్తుది. అది సాకెట్టులో ముందుగా తగిలి చివరగా వదులుతుంది కనుక, ప్లగ్గు పెట్టే, తీసే క్షణాల్లో కూడా పరికరపు లోహపు ఒంటికి నేలతో సంబంధం తెగదు. ఉత్త వైర్లను సాకెట్టు రంధ్రాల్లో దోపి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు ఈ ఏర్పాటును మొత్తంగా వమ్ము చేస్తుంది.

అసలు సమస్య చెరువుగట్ల మీద ఉంది. బంటుమిల్లి, కృత్తివెన్ను, దివిసీమ రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి ప్రాణవాయువును కలిపే ఏరియేటర్లు చాలావరకు మూడు ఫేజుల మోటార్లతో నడుస్తాయి. మూడు ఫేజుల్లో ఒక్కదాని అతుకు వదులైనా మోటారు మిగిలిన రెండింటి మీదే మూలుగుతూ తిరిగి, వైండింగు కాలి ఆగిపోతుంది; తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు చేరే వేళ ఇది జరిగితే రొయ్యలు పైకి తేలతాయి. ఇలాంటి చోట్ల వాడవలసింది ఎర్రరంగు పారిశ్రామిక ప్లగ్గు: మూడు ఫేజులకు మూడు, ఎర్తుకు ఒకటి చొప్పున నాలుగు పిన్నులు, తడి చొరకుండా రబ్బరు వలయం, లాగినా ఊడని బిగింపు. ఐపీ 67 గుర్తు ఉంటే, బిగించి ఉన్నంతవరకు మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తడి లోపలికి పోదు. ధర ఎక్కువని వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం పొదుపు అనిపించుకోదు. గట్టు మీది తడినేలలో ఆ అతుకును తొక్కేది పనివాళ్లే.

చిలుముకు విరుగుడైన బంగారుపూత మచిలీపట్నానికి బాగా తెలిసిన విద్యే. రోల్డ్ గోల్డ్ నగలకు పూత వేసేటప్పుడు వస్తువును ద్రావణంలో ముంచి విద్యుత్తు రుణధ్రువానికి తగిలిస్తారు. సెల్‌ఫోను టైప్-సి కనెక్టరులోని 24 సన్నని స్పర్శల మీద కూడా సాధారణంగా ఉండేది నికెలు పొర పైన పలుచని బంగారమే. అయితే ఉప్పునీటితో తడిసిన ఫోనును ఆరకముందే ఛార్జింగు పెడితే అదే విద్య తిరగబడి, ధనధ్రువపు స్పర్శ మీది లోహం కరిగి ఆ తడిలోకి దిగిపోతుంది.