పాత విలాసవంతపు కార్లు: విశ్వసనీయత సమస్యలు, భద్రతా రీకాల్ – నేరేడ్‌మెట్ నేపథ్యంలో ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విలాసవంతపు కార్లు ఒకప్పుడు సంపన్నులకే పరిమితం. నేడు అవే కార్లు రెండో చేతికి, మూడో చేతికి మారుతూ మధ్యతరగతి ఇంటి ముంగిటికి చేరుతున్నాయి. ఇటువంటి కారును కొనేవారు ఎదుర్కొనే ఇబ్బందులు రెండు విధాలు. మొదటిది విశ్వసనీయత సమస్య, రెండోది భద్రతాలోపం. వ్యవహారంలో రెండింటినీ ‘రిపేరు’ అనే ఒక్క మాటతోనే చెప్పుకోవడం వల్ల వాటి మధ్య ఉన్న ముఖ్యమైన భేదం మరుగున పడుతోంది. ఈ భేదాన్ని వివరించడం, భద్రతా రీకాల్‌కు సంబంధించిన చట్టాన్ని పరిచయం చేయడం, ఆ సమాచారం రెండో యజమానికి ఎందుకు చేరడం లేదో పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: పాత కార్లు, విశ్వసనీయత, భద్రతాలోపం, రీకాల్, మోటారు వాహనాల చట్టం, నేరేడ్‌మెట్.

1. ఉపోద్ఘాతం:

సికింద్రాబాద్ ఉత్తర, ఈశాన్య భాగాల్లోని నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, వాయుపురి, సఫిల్‌గూడ ప్రాంతాలకు ఒక ప్రత్యేకత ఉంది. సైనికోద్యోగులు, విశ్రాంత సైనికాధికారులు ఇక్కడ గణనీయంగా స్థిరపడ్డారు. బదిలీలు సహజమైన ఉద్యోగాల వల్ల ఒక రాష్ట్రంలో నమోదైన వాహనం మరొక రాష్ట్రానికి చేరడం, అక్కడ చేతులు మారడం ఇక్కడివారికి కొత్త కాదు. దీనికి మరో ప్రవాహం తోడైంది. రాజధాని ప్రాంతమైన ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. దానితో అక్కడ విలువ కోల్పోయిన ఖరీదైన డీజిల్ కార్లకు ఇతర రాష్ట్రాల్లో గిరాకీ ఏర్పడింది. హైదరాబాద్ ఆ మార్కెట్లలో ఒకటి.

మెర్సిడెస్-బెంజ్ 1994లో భారతదేశంలో అడుగుపెట్టింది. బీఎమ్‌డబ్ల్యూ 2007లో చెన్నై సమీపంలో కార్ల కూర్పు మొదలుపెట్టింది. అంటే ఈ కార్లు మన రోడ్లపై ఒక తరం కాలం గడిపాయి. మొదటి యజమాని వదిలిన కారు ఇప్పుడు కొత్త చిన్నకారు ధరకు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకు దొరుకుతోంది. ‘ఏనుగును కొనడం తేలిక, మేపడం కష్టం’ అన్న లోకోక్తి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కారు ధర ఏటేటా తగ్గుతుంది గాని విడిభాగం ధర తగ్గదు. అయితే ఇది ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే. ప్రాణానికి సంబంధించిన విషయం వేరే ఉంది.

2. పదవివేచన – అరుగుదల, బలహీనత, భద్రతాలోపం:

వాహనంలో తలెత్తే సమస్యలను మూడు తరగతులుగా విభజించుకోవచ్చు.

2.1 అరుగుదల: టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ వంటివి వాడకంతో అరిగిపోవడం సహజం. ఇందులో తయారీదారు తప్పు లేదు. ఖర్చు యజమానిదే.

2.2 విశ్వసనీయత బలహీనత: ఒక నమూనాలోని ఫలానా భాగం ఆశించిన కాలం పనిచేయకపోవడం ఈ కోవకు చెందుతుంది. బీఎమ్‌డబ్ల్యూ 320డి, 520డి వంటి కార్లలో వాడిన ‘ఎన్47’ డీజిల్ ఇంజన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దీని టైమింగ్ చైను ఇంజనుకు వెనుకవైపు, అంటే గేరుబాక్సు వైపున ఉంటుంది. చైను సాగినా, దాని గైడ్లు అరిగినా మొదట వెనుకభాగం నుండి గీసుకుపోతున్నట్లు శబ్దం వస్తుంది. పట్టించుకోకపోతే చైను తెగి ఇంజను మొత్తం పాడవుతుంది. చైను చవకే అయినా దానిని చేరడానికి ఇంజనునో గేరుబాక్సునో దించవలసి రావడం వల్ల కూలి భారమవుతుంది. గాలితో పనిచేసే సస్పెన్షన్ కూడా ఇటువంటిదే. రబ్బరు సంచిలో చిన్న పగులు వచ్చి గాలి కారితే, ఆ లోటు పూడ్చడానికి కంప్రెసరు అదేపనిగా పనిచేసి కాలిపోతుంది. ఒక భాగాన్ని సకాలంలో మార్చనందుకు రెండు భాగాలు మార్చవలసి వస్తుంది.

2.3 భద్రతాలోపం: రూపకల్పనలోగాని, తయారీలోగాని ఉన్న దోషం వల్ల ప్రయాణికులకు, పాదచారులకు, ఇతర వాహనదారులకు ప్రమాదం కలిగే స్థితి ఇది. ఇటువంటి లోపం బయటపడినప్పుడు తయారీసంస్థ ఆ శ్రేణిలోని వాహనాలన్నింటినీ పిలిపించి ఉచితంగా సరిచేయడమే ‘రీకాల్’.

తెలుగు పత్రికలు దీనిని ‘కార్లను వెనక్కి పిలిపించడం’ అని రాస్తుంటాయి. ఈ ప్రయోగంలో ఒక చిక్కుంది. ‘వెనక్కి’ అనే మాట వల్ల సంస్థ కారును తిరిగి తీసేసుకుంటుందేమో, లేదా ఆ నమూనా మొత్తం పనికిరానిదేమో అన్న భావం కలుగుతుంది. నిజానికి చాలా సందర్భాల్లో జరిగేది ఒక భాగాన్ని మార్చడమో, సాఫ్ట్‌వేరును సరిదిద్దడమో మాత్రమే. అమ్మకందారు రీకాల్ విషయాన్ని అవమానంగా భావించి దాచడానికి, కొనుగోలుదారు దానిని అడగడానికి సంకోచించడానికి ఈ అర్థచ్ఛాయ కూడా ఒక కారణం కావచ్చు. ‘ఉచిత భద్రతా సవరణ’ అన్న వివరణను రీకాల్ అనే మాటకు జోడిస్తే విషయం స్పష్టమవుతుంది.

3. రీకాల్ – కొన్ని ముఖ్య ఉదాహరణలు:

3.1 మెర్సిడెస్-బెంజ్ బ్రేకు బూస్టరు (2022): 2004–2015 మధ్య తయారైన ఎమ్ఎల్, జీఎల్, ఆర్-క్లాస్ వాహనాలను ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది లక్షల దాకా రీకాల్ చేశారు. బ్రేకు బూస్టరుపై ఉండే రబ్బరు తొడుగు కింద తేమ చేరి, లోహపు గుల్ల తుప్పుపట్టే అవకాశం ఉన్నట్లు తేలింది. తుప్పు తీవ్రమైతే గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో పెడలుకు, బ్రేకు వ్యవస్థకు మధ్య సంబంధం తెగిపోవచ్చు. తనిఖీ పూర్తయ్యేవరకు ఆ వాహనాలను నడపవద్దని సంస్థ సూచించింది. ఇక్కడ గమనించవలసింది లోపం బయటపడే నాటికి వాహనాల వయసు. వాటిలో పాతవి అప్పటికే పద్దెనిమిదేళ్లవి. సహజంగానే వాటిలో చాలావరకు మొదటి యజమాని చేతిలో ఉండవు.

3.2 బీఎమ్‌డబ్ల్యూ డీజిల్ కార్లలో మంటలు (2018): దక్షిణ కొరియాలో 2018 వేసవిలో పదుల సంఖ్యలో బీఎమ్‌డబ్ల్యూ కార్లు మంటల్లో చిక్కుకున్నాయి. పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వ్యవస్థలోని కూలరు నుండి శీతలీకరణ ద్రవం కారి, అక్కడ పేరుకున్న మసితో కలిసి, అధిక ఉష్ణోగ్రత వద్ద అంటుకోవచ్చని సంస్థ వివరించింది. తనిఖీ చేయించని కార్లు రోడ్డెక్కకుండా అక్కడి ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టులో ఆంక్షలు విధించింది. అదే ఏడాది అక్టోబరు నాటికి రీకాల్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లకు విస్తరించింది.

3.3 తకాటా ఎయిర్‌బ్యాగులు: వాహన చరిత్రలో అతిపెద్ద రీకాల్ ఇదే. జపాన్‌కు చెందిన తకాటా సంస్థ ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్‌ను వాడింది. తేమను పీల్చే పదార్థం లేని పాత ఇన్‌ఫ్లేటర్లలో, ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురైన ఈ రసాయనం స్వభావం మారి, ప్రమాద సమయంలో అవసరానికి మించిన వేగంతో మండుతుంది. అప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు ప్రయాణికుల మీదికి దూసుకువస్తాయి. ప్రాణం కాపాడవలసిన పరికరమే ప్రాణం తీసింది. ఒక్క అమెరికాలోనే ఇరవైమందికి పైగా మరణించారు. అక్కడ రీకాల్ అయిన ఎయిర్‌బ్యాగుల సంఖ్య సుమారు 6.7 కోట్లు. తకాటా 2017లో దివాలా ప్రకటించింది. బీఎమ్‌డబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి వంటి విలాసవంతపు కార్లు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. 2000–2006 నమూనాల బీఎమ్‌డబ్ల్యూ కార్లలో మరమ్మతు కాని సుమారు 90 వేలను నడపవద్దని 2023లో కూడా అమెరికాలో హెచ్చరించవలసి వచ్చింది.

వేడి, తేమ కలిసిన వాతావరణంలో ఈ ప్రమాదం ఎక్కువ. అందువల్ల తెలుగునేలపై తిరిగే కార్లకే కాక, టెక్సస్, ఫ్లోరిడా వంటి ఉష్ణ రాష్ట్రాల్లో చవకగా పాతకారు కొనుక్కొనే తెలుగు విద్యార్థులకు సైతం ఈ హెచ్చరిక వర్తిస్తుంది. మరమ్మతు కాని రీకాల్ ఉన్న కారును అద్దెకివ్వరాదని పెద్ద అద్దెకార్ల సంస్థలపై 2016 నుండి అక్కడ నిర్బంధం ఉంది. పాత కార్ల వ్యాపారి విషయంలో అటువంటి సమాఖ్య నిర్బంధం లేదు.

4. చట్టం చెప్పేదేమిటి?

భారతీయ వాహన తయారీదారుల సంఘం 2012 జులైలో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని తెచ్చింది. అది సంస్థల ఇష్టంపై ఆధారపడినది. మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ద్వారా చేరిన 110ఎ సెక్షను ఈ స్థితిని మార్చింది. పర్యావరణానికి, డ్రైవరుకు, ప్రయాణికులకు, ఇతర రహదారి వినియోగదారులకు హాని కలిగించే లోపమున్నప్పుడు రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రప్రభుత్వానికి లభించింది. సంస్థ తానుగా లోపాన్ని గుర్తించి, ప్రభుత్వానికి తెలిపి రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. ఈ సెక్షనుకు సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమల్లోకి వచ్చాయి. నిర్బంధ రీకాల్ సందర్భంలో జరిమానా వాహనాల రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల రూపాయల నుండి కోటి రూపాయల వరకు ఉంటుంది.

అయితే నిర్బంధ రీకాల్ ఏడేళ్లలోపు వయసున్న వాహనాలకే వర్తిస్తుంది. విలాసవంతపు కారు సామాన్యుడికి అందుబాటు ధరలోకి వచ్చేది సరిగ్గా ఆ వయసు దాటిన తరువాతే. పైన చూసిన మెర్సిడెస్, తకాటా ఉదాహరణల్లో లోపాలు పాతబడిన కొద్దీ ముదిరేవి. తుప్పుకు, రసాయన మార్పుకు కాలమే కారణం. ప్రమాదం పెరిగే వయసులో చట్టం రక్షణ తగ్గుతోందన్నమాట. సంస్థలు స్వచ్ఛందంగా చేసే రీకాల్ పాత వాహనాలకు కూడా వర్తించవచ్చు గనుక దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాని ఆ దారి ఉందని యజమానికి తెలియాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉత్పత్తి వల్ల కలిగిన హానికి తయారీదారును, విక్రేతను బాధ్యులను చేసే నిబంధనలను తెచ్చింది. వ్యాపారి వద్ద కొన్నవారు దీనిని ఆశ్రయించే అవకాశం ఉంది. తన సొంత కారును అమ్ముకొన్న ప్రైవేటు వ్యక్తి వ్యాపారి కాడు గనుక, అతని వద్ద కొన్నవారికి ఈ మార్గం కష్టం.

5. సమాచారం ఆగిపోయే చోటు:

రీకాల్ ప్రకటించిన సంస్థ తన వద్ద ఉన్న చిరునామాకు, ఫోను నంబరుకు సమాచారం పంపుతుంది. అధీకృత సర్వీసు కేంద్రానికి వెళ్లే కారైతే అక్కడా చెబుతారు. రెండో యజమాని విషయంలో ఈ రెండు దారులూ తెగిపోతాయి. అతని చిరునామా సంస్థ వద్ద ఉండదు. ఖర్చు భయంతో అతడు అధీకృత కేంద్రానికి కాక పేటలోని మెకానిక్కు వద్దకు వెళతాడు. ఆ మెకానిక్కు నైపుణ్యం గలవాడే కావచ్చు. కాని సంస్థ రీకాల్ వివరాలు అతనికి అందవు.

యాజమాన్య బదిలీకి 29, 30 నంబర్ల ఫారాలు, రాష్ట్రం మారితే నిరభ్యంతర పత్రానికి 28వ నంబరు ఫారం నింపుతాం. రుణం, పన్ను వంటి వివరాలు ఈ ప్రక్రియలో పరిశీలనకు వస్తాయి. రిజిస్ట్రేషను పత్రంలో యజమాని వరుసక్రమం సైతం కనిపిస్తుంది. రీకాల్ పూర్తయిందా లేదా అన్న గడి మాత్రం ఎక్కడా లేదు. కారుపై అప్పు ఉందో లేదో చెప్పే కాగితం, కారులో ప్రాణాపాయం ఉందో లేదో చెప్పదు.

6. కొనుగోలుదారు చేయవలసిన పరిశీలన:

ప్రతి కారుకు పదిహేడు అక్షరాలు, అంకెలతో కూడిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. రీకాల్ వర్తించేదీ లేనిదీ నిర్ణయించేది నమూనా పేరు కాదు, ఈ నంబరే. ఒకే ఏడాది తయారైన రెండు కార్లలో ఒకటి రీకాల్‌లో ఉండవచ్చు, మరొకటి ఉండకపోవచ్చు. కనుక బయానా ఇవ్వకముందే ఈ క్రమంలో పరిశీలించడం మేలు.

అ) కారుపై ఉన్న ఛాసిస్ నంబరు, రిజిస్ట్రేషను పత్రంలోని నంబరు ఒకటేనా అని చూడాలి.

ఆ) ఆ నంబరుతో సంస్థ అధీకృత కేంద్రంలోగాని, సంస్థ వెబ్‌సైటులోగాని పెండింగు రీకాల్ ఉందేమో విచారించి, సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఉంటే ఆ పని పూర్తయ్యాకే బేరం ముగించాలి.

ఇ) సర్వీసు చరిత్రను, కిలోమీటర్ల లెక్కను పోల్చి చూడాలి.

ఈ) ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి శబ్దం వినాలి. రాత్రంతా నిలిపిన కారు ఒకవైపు కుంగిందేమో చూడాలి.

ఉ) 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో అనేక కార్లు నీట మునిగాయి. తివాచీ కింద బురద, సీటు పట్టాలపై తుప్పు, లోపల ముక్క వాసన ఉంటే ఎంత చవకైనా ఆ కారు వద్దనుకోవాలి.

ఊ) కొన్న తరువాత కొత్త యజమాని వివరాలను సంస్థ వద్ద నమోదు చేయించాలి. ఇది ఖర్చులేని పని, అయినా ఎక్కువమంది మరచే పని.

7. ముగింపు:

- విశ్వసనీయత సమస్య జేబుకు సంబంధించినది, భద్రతాలోపం ప్రాణానికి సంబంధించినది. రెండింటినీ ‘రిపేరు’ అనే మాట కింద చేర్చడం వల్ల ఉచితంగా జరగవలసిన పని కూడా ఖర్చుగా భావించి వాయిదా పడుతోంది.
- రీకాల్ అంటే నమూనాకు పడిన మచ్చ కాదు. రీకాల్ పూర్తయిన కారు, పూర్తికాని కారుకన్నా సురక్షితమైనది.
- ఏడేళ్ల పరిమితి పాత కార్ల మార్కెట్టు వాస్తవానికి దూరంగా ఉంది. కాలంతోపాటు ముదిరే లోపాలకైనా దీనిని సడలించడం అవసరం.
- యాజమాన్య బదిలీ ఫారంలో రీకాల్ స్థితిని తెలిపే ఒక గడిని చేరిస్తే సమాచారం ఆగిపోయే చోటు చాలావరకు పూడుతుంది.
- రీకాల్ ప్రకటనలు తెలుగులో, సామాన్యుడికి తెలిసే మాటల్లో రావాలి. భాషాధ్యాపకులు, అనువాద పరిశోధకులు పూనుకోదగిన పని ఇది. ఏ భాగం, ఏ ప్రమాదం, ఏమి చేయాలి, ఎంత ఖర్చు అన్న నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పగల ప్రకటన చాలు. కారు మూడో చేతికి మారినా దాని హెచ్చరిక మొదటి చేతి దగ్గరే మిగిలిపోకూడదు.