వాడని యూనిట్‌కు రెండు డాలర్లు

సాయంత్రం పీక్ వేళలో ఇంట్లో కరెంటు వాడకం కాసేపు తగ్గించుకుంటే, తగ్గిన ప్రతి యూనిట్‌కూ లెక్కగట్టి సొమ్ము చెల్లించే పథకాలు కొన్ని దేశాల్లో నడుస్తున్నాయి. విద్యుత్ రంగం వాళ్లు దీన్ని డిమాండ్ రెస్పాన్స్ అంటారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2022 వేసవిలో ‘పవర్ సేవర్ రివార్డ్స్’ పేరుతో ఇళ్లకు యూనిట్‌కు 2 డాలర్ల చొప్పున ప్రకటించింది. మే నుంచి అక్టోబరు వరకు, గ్రిడ్ ఇబ్బందిలో ఉన్న రోజుల్లో, సాయంత్రం 4 నుంచి రాత్రి 9 గంటల మధ్య తగ్గించిన వాడకానికే ఈ లెక్క వర్తించేది. తగ్గించలేకపోయిన ఇంటికి జరిమానా ఉండేది కాదు.

అమ్మే యూనిట్ ధర కన్నా వాడని యూనిట్‌కు ఇచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువ. గ్రిడ్ పనిచేసే తీరు తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. గ్రిడ్‌లో ఏ క్షణానికి ఎంత వాడకముంటే ఆ క్షణానికి అంత ఉత్పత్తి ఉండాలి. వాడకం మించిపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. మరీ పడిపోతే గ్రిడ్ మొత్తం కుప్పకూలే ప్రమాదం ఉంది కాబట్టి, అంతకన్నా ముందే కొన్ని ప్రాంతాలకు సరఫరా ఆపేస్తారు. ఏడాదిలో కొద్ది గంటలే వచ్చే ఈ గండాన్ని గట్టెక్కడానికి కంపెనీలు గ్యాస్ టర్బైన్లను ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచుకుంటాయి. అవి తిరిగినా తిరగకపోయినా పెట్టుబడికి వడ్డీ, సిబ్బందికి జీతాలు తప్పవు. అవీ చాలనప్పుడు హోల్‌సేల్ మార్కెట్లో దొరికిన ధరకు కొనాలి. కాలిఫోర్నియా మార్కెట్లో ఆ ధరకు పెట్టిన గరిష్ఠ హద్దు మెగావాట్ అవర్‌కు 2,000 డాలర్లు, అంటే సరిగ్గా యూనిట్‌కు 2 డాలర్లు. అంత పోసి కొనే బదులు అదే సొమ్మును వాడకం తగ్గించిన ఇంటికి ఇస్తే గ్రిడ్‌కు ఫలితం ఒక్కటే. పైగా కొత్త ప్లాంటు కట్టే పని లేదు, పొగ లేదు.

ఈ అవసరం సాయంత్రమే ఎక్కువగా రావడానికి కారణం సూర్యుడు. మధ్యాహ్నం కాలిఫోర్నియాలో సౌర విద్యుత్తు పుష్కలం. ఆరు దాటాక అది వేగంగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే జనం ఇళ్లు చేరి ఏసీలు వేస్తారు, పొయ్యి వెలిగిస్తారు, కారుకు చార్జింగ్ పెడతారు. 2020 ఆగస్టు 14, 15 తేదీల్లో వడగాడ్పుల మధ్య సాయంత్రం పూట వంతులవారీగా కరెంటు కోసేశారు. 2001 తర్వాత ఆ రాష్ట్రంలో గ్రిడ్ నిర్వాహకులు అలా కోత పెట్టడం అదే మొదటిసారి. ఆ దెబ్బతోనే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంస్థ 2021లో అత్యవసర లోడ్ తగ్గింపు పథకానికి రూపమిచ్చి, మరుసటి ఏడాది ఇళ్లను కూడా అందులో చేర్చింది. పవర్ సేవర్ రివార్డ్స్ అలా వచ్చిందే.

నిజానికి ఆ రాష్ట్రానికి ప్రోత్సాహకం ఆలోచన కొత్తది కాదు. 2001 విద్యుత్ సంక్షోభంలో గవర్నర్ గ్రే డేవిస్ ప్రభుత్వం ‘20/20’ పథకం పెట్టింది. కిందటి వేసవి కన్నా 20 శాతం తక్కువ వాడితే బిల్లులో 20 శాతం తగ్గింపు. అప్పటి మీటర్లు నెలకు ఎన్ని యూనిట్లు తిరిగాయో చెప్పగలవు గానీ, ఏ గంటలో తిరిగాయో చెప్పలేవు. అందుకే తెల్లవారుజామున మిగిల్చిన యూనిట్‌కూ సాయంత్రం ఏడింటికి మిగిల్చిన యూనిట్‌కూ ఒకటే విలువ కట్టాల్సి వచ్చింది. స్మార్ట్ మీటరు వచ్చాకే గంటను బట్టి వెల కట్టడం సాధ్యమైంది.

2022 సెప్టెంబరు 6న ఈ ఏర్పాట్లన్నిటికీ పరీక్ష ఎదురైంది. శాక్రమెంటోలో ఆ రోజు 116 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 47 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ నగరంలో అంతటి వేడి అంతకుముందు ఎన్నడూ లేదు. రాష్ట్ర గ్రిడ్‌పై డిమాండ్ 52,061 మెగావాట్లకు చేరి, 2006 నాటి రికార్డును దాటేసింది. సాయంత్రం ఐదుంపావుకు గ్రిడ్ నిర్వాహకులు కోతకు ముందు మెట్టయిన మూడో స్థాయి ఎమర్జెన్సీ ప్రకటించారు. పావు తక్కువ ఆరింటి ప్రాంతంలో లక్షలాది సెల్‌ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. అత్యవసరం కాని వాడకం వెంటనే ఆపండని అందులో సందేశం. కొద్ది నిమిషాల్లోనే డిమాండ్ వెయ్యి మెగావాట్లకు పైగా తగ్గింది. రాత్రి ఎనిమిదింటికి ఎమర్జెన్సీ ఎత్తేశారు. సమాచార లోపం వల్ల కొన్ని పట్టణాల్లో కాసేపు సరఫరా ఆగిందే తప్ప, రాష్ట్రవ్యాప్త కోత తప్పింది.

ఫోన్‌కు వచ్చిన ఆ సందేశంలో డబ్బు ప్రస్తావన లేదు. అయినా జనం స్పందించారు కాబట్టి ప్రోత్సాహకాలు దండగనే వాదన ఆ తర్వాత వినిపించింది. ఆ వాదన నిలవదు. ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 9 వరకు పది రోజులు వరసగా పొదుపు విజ్ఞప్తులు వెలువడ్డాయి. సెల్‌ఫోన్ హెచ్చరిక ఆ పదిలో ఒక్క రోజే వచ్చింది. అదే హెచ్చరిక ప్రతి సాయంత్రం మోగితే వారానికల్లా జనం పట్టించుకోవడం మానేస్తారు. అడిగిన ప్రతిసారీ ఉక్కపోత భరించి ఏసీ తగ్గించమనడం మంచితనం మీద మోపలేనంత బరువు. శ్రమ పడ్డవారికి ప్రతిఫలం ఇవ్వడం న్యాయం.

ఇక ఇంట్లో తగ్గించడం అంటే లైట్లు ఆర్పడమేనని చాలామంది అనుకుంటారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది నాలుగు గంటల పాటు ఆర్పినా మిగిలేది మూడోవంతు యూనిట్‌కు కాస్త ఎక్కువ. అసలు బరువు ఏసీ, బట్టలారబెట్టే డ్రయర్, వాటర్ హీటరు, ఎలక్ట్రిక్ కారు చార్జరుది. ఇల్లంతటికీ ఒకే ఏసీ ఉండే కాలిఫోర్నియా ఇళ్లలో అది ఒక్కటే గంటకు మూడు యూనిట్ల దాకా లాగగలదు. అందుకే అక్కడి అధికారులు ఒక కిటుకు చెబుతారు. మధ్యాహ్నం సౌర విద్యుత్తు దండిగా ఉన్నప్పుడే ఇంటిని బాగా చల్లబరిచి, కిటికీలకు తెరలు దించి, నాలుగింటికి థర్మోస్టాట్‌ను 78 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన 25-26 డిగ్రీలకు పెంచమంటారు. గోడలు, సామాను పట్టి ఉంచిన చలువతో సాయంత్రం చాలాసేపు గడుస్తుంది. అంతా కలిపి నాలుగు గంటల్లో ఆరు యూనిట్లు తగ్గాయనుకుంటే, 2022 నాటి ధర ప్రకారం 12 డాలర్లు. ఫ్రీమాంట్, శాన్ రామన్ లాంటి ఊళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ లెక్క బాగా పనికొచ్చేది. రోజూ ఆఫీసు నుంచి రాగానే కారుకు చార్జింగ్ పెట్టే ఇల్లయితే, దాన్ని తొమ్మిది తర్వాతకు మార్చడమే అన్నిటికన్నా పెద్ద తగ్గింపు. ఇంటి బ్యాటరీ ఉన్నవారికి మరో మార్గం కూడా ఉంది. 2022లోనే టెస్లా పవర్‌వాల్ యజమానులు తమ బ్యాటరీల నుంచి గ్రిడ్‌కు కరెంటు పంపి, అదే యూనిట్‌కు 2 డాలర్ల ధర పొందారు.

ఈ పథకాలన్నిటిలోనూ కష్టమైన పని కొలత. వాడిన కరెంటును మీటరు చూపిస్తుంది, వాడకుండా మిగిల్చిన దాన్ని ఏ మీటరూ చూపలేదు. అందుకని ఆ ఇల్లు మామూలుగా ఆ గంటలో ఎంత వాడేదో ముందు అంచనా వేస్తారు. దీన్నే బేస్‌లైన్ అంటారు. అంతకుముందటి కొన్ని రోజుల వాడకానికి సగటు తీసి, ఆ రోజు ఎండను బట్టి కాస్త సవరిస్తారు. బేస్‌లైన్ ప్రకారం 3.2 యూనిట్లు వాడాల్సిన గంటలో 1.7 వాడితే, ఒకటిన్నర యూనిట్లు తగ్గించినట్టు లెక్క.

పేచీలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఆ సాయంత్రం సినిమాకు వెళ్లిన కుటుంబానికి ఏమీ చేయకుండానే సొమ్ము వస్తుంది. ఇంటికి చుట్టాలొచ్చిన కుటుంబం ఎంత జాగ్రత్త పడినా బేస్‌లైన్ దాటిపోతుంది. కొందరు ముందు రోజుల్లో కావాలనే ఎక్కువ వాడి అంచనాను పెంచుకునే అవకాశమూ ఉంది. వీటన్నిటికన్నా బాధాకరం మొదటి నుంచీ పొదుపుగా బతికే ఇంటి సంగతి. దాని బేస్‌లైనే తక్కువ, తగ్గించడానికి అక్కడ మిగిలిందేమీ ఉండదు. దుబారా చేసే ఇంటికే బహుమతి పెద్దదవుతుంది. వేలాది ఇళ్ల మొత్తం మీద పొరపాట్లు ఒకదానికొకటి సరిపోతాయని ఇంజనీర్లు చెప్పేది గ్రిడ్ వరకు నిజమే గానీ, ఒక్కో ఇంటి బిల్లు దగ్గర అది ఊరట కాదు. తక్కువ ఆదాయ కుటుంబాలను కాలిఫోర్నియా ఈ పథకంలో తనంతట తానే చేర్చడం మంచి పనే. ఈ లోటును మాత్రం అది పూర్తిగా తీర్చలేదు.

బ్రిటన్ ఇదే పనిని చలికాలం కోసం చేసింది. ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ కొరత భయం పట్టుకున్న 2022 నవంబరులో అక్కడి గ్రిడ్ సంస్థ డిమాండ్ ఫ్లెక్సిబిలిటీ సర్వీస్ ప్రారంభించి, యూనిట్‌కు 3 పౌండ్ల కనీస ధరకు హామీ ఇచ్చింది. ఆ చలికాలంలో 16 లక్షల ఇళ్లు, వ్యాపార సంస్థలు పాల్గొన్నాయి. మొత్తం 22 సార్లు పిలుపునిస్తే, అందులో ఇరవై కేవలం అలవాటు చేయడానికి జరిపిన పరీక్షలు. నిజమైన అవసరం 2023 జనవరి 23, 24 తేదీల్లోనే పడింది. పరీక్షల పేరిట ఇంత ఖర్చేమిటని తప్పుపట్టినవారున్నారు. అయితే జనానికి ముందే అలవాటు లేని ఏర్పాటు గండం వచ్చిన రోజున అక్కరకు రాదు.

భారతదేశం ప్రస్తుతానికి టారిఫ్ దారి పట్టింది, అంటే వేళను బట్టి ధర మార్చే పద్ధతి. ఒత్తిడి ఇక్కడా తక్కువేమీ కాదు: 2024 మే 30న దేశవ్యాప్త డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, సౌర విద్యుత్ దొరికే పగటి వేళల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. పీక్ వేళల్లో పరిశ్రమలు, వాణిజ్య సంస్థలకు కనీసం 1.2 రెట్లు, ఇతరులకు 1.1 రెట్లు ఉండాలి. వ్యవసాయాన్ని ఇందులోంచి మినహాయించారు. ఇళ్లకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టినా, స్మార్ట్ మీటరు బిగించాకే అది అమలవుతుంది. ముంబైలో టాటా పవర్ 2023లో ఇళ్లను కూడా కలుపుకొని డిమాండ్ రెస్పాన్స్ కార్యక్రమం ప్రకటించింది.

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో ఇంకా ప్రధానంగా నెల మొత్తాన్ని చూసే స్లాబుల లెక్కే నడుస్తోంది. ఏ గంటలో వాడారన్నది ఆ లెక్కకు పట్టదు. మరోపక్క, విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర హద్దయిన 10 రూపాయలకు చేరిన వేళల్లో, డిస్కంలు అంత పెట్టి కొన్న కరెంటును కింది స్లాబుల ఇళ్లకు అందులో కొద్ది భాగానికే అందిస్తాయి. పీక్ వేళ ధర పెంచితే వాడకం తగ్గుతుందన్న సూత్రం తెలంగాణలో లక్షలాది ఇళ్లకు అసలు వర్తించదు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు వస్తోంది. సున్నా మీద పది శాతం పెంచినా సున్నాయే. అలాంటి ఇంట్లో గీజరో కూలరో సాయంత్రం ఏడింటికి ఆగాలంటే ధర పెంపు పనికిరాదు, ఆపిన యూనిట్‌కు చేతికి రూపాయలు రావడం ఒక్కటే దారి.