బొటనవ్రేలి క్రింది బ్రదుకు

ఒకరి యదుపులో మసలువానిని ఆంగ్లేయులు వారి బొటనవ్రేలి క్రింద నున్నాడని చెప్పుదురు. ఇట్టి పలుకులకు మన తెనుగునను కొఱతలేదు. భార్య మాట విను పురుషుని జూచి, ఆమె వానిని కొంగున ముడివేసికొన్నదనియు, గుప్పిటిలో బెట్టుకొన్నదనియు ఇరుగుపొరుగువారు నవ్వుదురు. 1514లో ఉదయగిరి దుర్గమును జయించిన శ్రీకృష్ణదేవరాయలకు నంది తిమ్మన యంకితమిచ్చిన పారిజాతాపహరణములో శ్రీకృష్ణుడు సత్యభామ పాదములపై వ్రాలును. అది ప్రణయకలహము, చదువరులకు వేడుక.

కాని సోదరీమణులారా, భర్త యదుపులో నలుగు భార్యను గుఱించి యిట్టి యెగతాళి మాట లేదేల? అది లోకమునకు వింతగా దోపకుండుటచేతనే యని మేము తలంతుము.

ఉదయగిరికి తూర్పున, ఆత్మకూరునకు ఉత్తరమున, కలిగిరి మండలములో దూబగుంట యను పల్లె కలదు. అచ్చట మగవారి కూలిసొమ్ము సారా దుకాణము పాలగుచుండెను. పురుషుడు సారాకు లోబడెను. ఇల్లాలు వానికి లోబడెను. పొయ్యిలో పిల్లి లేవని దినము లెన్నియో! 1991లో జిల్లాయందు అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, వ్రేలిముద్ర తప్ప వేఱెఱుగని స్త్రీలు రాత్రివేళ పలక పట్టిరి. వాచకములో సారావలని బాధలను దెలుపు "సీతమ్మ కథ" చదివి, ఇది మన యింటి కథయే యనుకొనిరి. రోశమ్మ మొదలగువారు ముందు నడువ, అందఱు నేకమై సారా దుకాణము మూయించిరి. వారి గెలుపే "ఆడవాళ్ళు ఏకమైతే" యను పాఠమై యితర గ్రామములను గదల్చెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అది 1997లో సడలింపబడినది. నేడు మద్యము మరల అమ్మబడుచున్నది. ఐనను ఆ స్త్రీలు నేర్చిన యక్షరమును ఎవరును మరల దీసికొనలేరు.

మాట వినుట వేఱు, లోబడుట వేఱు. ఆలుమగలు ఒకరి మాట నొకరు వినుట సంసారమున కందము. రాబడి యెంతో, అప్పెంతో యెఱుగక, చూపినచోట ముద్రవేయుటయే పరుల వ్రేలి క్రింద నుండుట. మీ యింట వ్రేలిముద్ర వేయు అత్తగారో, పనిమనిషియో యున్నచో, మధ్యాహ్నము పనులు తీరినపిమ్మట ఒక గడియ కూర్చుండబెట్టి, ఆమె పేరును ఆమెచేతనే వ్రాయింపుడు. ఏ కాగితమైనను చదివి వినిపించుకొనక సంతకము చేయవలదని కూడ చెప్పుడు.