మంచు మీద నడిచిన ఫోర్డు లారీ

కార్మిక సంఘం పేరెత్తితే మండిపడే హెన్రీ ఫోర్డు, 1929 మే 31న కార్మిక రాజ్యమైన సోవియట్ యూనియన్‌తోనే బేరం కుదుర్చుకున్నాడు. నాలుగేళ్లలో 72 వేల వాహనాలకు సరిపడా సరుకు కొంటామని మాస్కో ఒప్పుకుంది. బదులుగా ఫోర్డు డ్రాయింగులు ఇవ్వాలి, పని నేర్పాలి. భావజాలం సంగతి ఇద్దరూ పక్కన పెట్టేశారు.

ఫ్యాక్టరీ నీఝ్నీ నోవ్‌గొరోద్‌లో లేచింది. 1932 జనవరి 29న తొలి లారీ బయటికొచ్చింది. ఆ ఏడాదే ఊరు గోర్కీ అయింది, గోర్కీ ఆటో ఫ్యాక్టరీ పేరుతో బండి గాజ్-ఏఏ అయింది. ఒకటిన్నర టన్నులు మోస్తుంది కాబట్టి జనం దాన్ని 'పొలుతోర్కా' అన్నారు.

మూలం ఫోర్డు ఏఏ లారీయే అయినా, రష్యా గతుకుల కోసం స్టీరింగునూ క్లచ్ హౌసింగునూ గట్టిపరిచారు. ఇనుప రేకు కరువు. అందుకే తొలి క్యాబిన్లకు చెక్క, అట్ట వాడారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ శక్తి 40 హార్స్‌పవరే. కంప్రెషన్ తక్కువ కావడంతో నాసిరకం పెట్రోలుతోనూ నడిచేది. ట్యాంకు డ్రైవరు ముందు, ఎత్తులో ఉంటుంది. పెట్రోలు తన బరువుకే కార్బురేటర్‌లోకి దిగుతుంది. పంపే లేదు, ఇక పాడయ్యేదేముంది? బ్యాటరీ, స్టార్టరు మాత్రం నమ్మదగ్గవి కావు. హ్యాండిల్ కొట్టాల్సిందే.

దాని అసలు పరీక్ష 1941 నవంబరు 22న మొదలైంది. జర్మన్ సైన్యం ముట్టడిలో ఆకలితో అలమటిస్తున్న లెనిన్‌గ్రాడ్‌కు తిండి చేర్చడానికి, గడ్డకట్టిన లడోగా సరస్సు మీదికి ఈ లారీలు దిగాయి. మంచు పలచన, అందుకే మొదట్లో సగం లోడు కూడా వేయలేదు. విరిగితే దూకేయడానికి డ్రైవర్లు తలుపు తెరిచే ఉంచేవారు, ఆ చలిలో!

అయినా ఒక చిక్కు మిగిలింది. నిండు లోడుతో నిదానంగా వెళ్లిన లారీ దాటిపోయేది, తేలిగ్గా, వేగంగా తిరిగొచ్చేది మునిగేది. లెనిన్‌గ్రాడ్ భౌతిక శాస్త్రవేత్తలు మంచు వంపును కొలిచే పరికరం చేసి కారణం పట్టారు. లారీ కింద మంచు కాస్త కుంగుతుంది, ఆ కుంగుబాటు నీళ్లలో అలగా పరుగెడుతుంది. బండి వేగమూ అల వేగమూ ఒకటైతే వంపు పెరుగుతూ పోయి మంచు పగులుతుంది. అక్కడ ఆ ప్రమాదపు వేగం గంటకు దాదాపు 35 కిలోమీటర్లు. బరువుతోపాటు వేగానికీ లెక్క కట్టాల్సి వచ్చింది.

1942లో యుద్ధపు కరువుతో లారీ ఇంకా బక్కచిక్కింది. తలుపులకు బదులు టార్పాలిన్, ఒకే హెడ్‌లైటు, ముందు చక్రాలకు బ్రేకులే లేవు. అయినా ఫ్రంటుకు బండ్లు వెళ్తూనే ఉన్నాయి. 1946లో రెండున్నర టన్నుల గాజ్-51 వచ్చింది, 70 హార్స్‌పవర్‌తో. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఉల్యానోవ్‌స్క్ ఫ్యాక్టరీ పాత పొలుతోర్కానే చేస్తూ వచ్చింది.