నూనె చిందితే ముందు చన్నీళ్ళే!

పోయిన సంక్రాంతికి నాచారంలో మా ఇంట్లో అరిసెలు వేస్తుంటే నూనె చింది మా తోడికోడలి చేతిమీద పడింది. అత్తయ్యగారు పరుగున టూత్‌పేస్టు తెచ్చి మందంగా రాసేశారు. (వాళ్ళ కాలంలో సిరా పోసేవారట!) తీరా డాక్టరుగారు గాయం చూడాలంటే ఆ పేస్టంతా కడగాల్సొచ్చింది. ఆ కడిగేటప్పుడు తను పడ్డ బాధ చూడలేకపోయాను. అప్పటికే వేలు వాచిపోయి ఉంగరం రాలేదు, కత్తిరించారు.

కాలిన వెంటనే 20 నిమిషాలపాటు ధారగా చన్నీళ్ళు పొయ్యాలిట. మామూలు కుళాయి నీళ్ళే, ఐసు పనికిరాదు. కుళాయి రాని రోజైతే బకెట్లోవి చెంబుతో పొయ్యడమే. అందుకే పిండివంటల రోజు ఓ బకెట్టు నింపి వంటింటి గుమ్మం దగ్గరే పెడుతున్నాను. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. ఒంటికి అంటుకున్న బట్ట లాగొద్దు, పొక్కులు చిదపొద్దు. ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పితే చాలు.

మొహం కాలినా, అరచేతిని మించి కాలినా, చిన్నపిల్లలైనా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో ఆటోకోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చెయ్యండి. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన సర్వీసు ఇది, డబ్బు తీసుకోరు. అంబులెన్సు వచ్చేలోగా నీళ్ళు పోస్తూనే ఉండండి.